ఇక్కడ బొమ్మ ఉంది

గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగితే వచ్చే ఒక ఊళ్ళో నిత్యానందం మిషన్ బడి మాస్టరు. బడి వెనక ఇల్లు, ఇంటి వెనక చెరువు. చెరువు గంగరాజు గారిది. అందులో ఆయన చేపలు పెంచేవారు. నీళ్ళు కనిపించేవి కావు. ఒక పక్క అంతరతామర, అది ఎప్పటినుంచో ఉంది. ఇంకో పక్క గుర్రపుడెక్క, రెండేళ్ళ కిందటి వరదలో కొట్టుకొచ్చింది.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో అతని ఒక్కగానొక్క కూతురు పుష్పలతకు జ్వరం మొదలైంది. చలితో వణికేది, గజ్జలో బిళ్ళ కట్టేది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. తల్లి రూతమ్మ రోజూ పిల్ల పాదాలు తడిమి చూసేది. రూతమ్మ ఎడమ కాలు బోదకాలు. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకూ ఇలాగే మొదలైంది.

భీమడోలు స్టేషన్‌లో ఎవరో వదిలి వెళ్ళిన ఇంగ్లీషు పేపరులో నిత్యానందం ఒక చిన్న వార్త చదివాడు. బోదకాలు తెచ్చే దోమ నీటి మీద తేలే ఒక మొక్క వేళ్ళు పట్టుకొని పెరుగుతుందట. ఆ మొక్కను తీసేస్తే దోమ పోతుందని ఒక డాక్టరు వైద్య పత్రికలో వ్యాసం రాశాడట. పత్రిక పేరుంది. మొక్క పేరు లేదు. చెరువులోవి రెండూ తేలేవే.

అతను వెళ్ళి గంగరాజు గారి అరుగు ముందు నిలబడ్డాడు.

"రెండూ పీకించేస్తే ఎండల్లో చేపలకి నీడేదండీ మాస్టారూ?" అన్నారాయన. కఠినంగా అనలేదు. "ఏదో ఒకటి చెప్పండి. అది తీయించేస్తాను."

ఏలూరు గ్రంథాలయంలో ఆ పత్రిక లేదు. అక్కడ పుస్తకాలిచ్చే భీమశంకరం గారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"పురాణాలున్నాయండి, నవలలున్నాయండి. దోమల మీద అడిగింది మీరొక్కరే. కుట్టించుకోడానికి చదువెందుకండీ?" అని నవ్వి, నిత్యానందం నవ్వకపోవడం చూసి, "మద్రాసులో ఉంటుందండి. కాని బయటికివ్వరు. అక్కడే కూర్చుని చూసుకోవాలి" అన్నారు.

మద్రాసులో రూతమ్మ తమ్ముడు దేవదానం ఉన్నాడు. ఒక కంపెనీలో నకళ్ళు రాసే గుమాస్తా. సెలవు రోజుల్లో లైబ్రరీకి వెళ్ళి కూర్చుని వ్యాసమంతా రాసి పంపాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క మాట పోలేదు. పేజీ అంకెలు కూడా వేశాడు. మొక్క పేరు లాటిన్‌లో ఉంది. దాని కింద దేవదానం తెలుగులో రాశాడు: ఇక్కడ బొమ్మ ఉంది.

ఆఫీసు కాగితాలకు నకలు తీసేటప్పుడు అసలులో ముద్ర ఉన్న చోట 'ఇక్కడ ముద్ర ఉంది' అని రాయడం పద్ధతి. అతనికి తెలిసిన పద్ధతి అదే.

నిత్యానందం ఆ లాటిన్ పేరు పట్టుకొని తిరిగాడు. మిషన్ ఆసుపత్రి డాక్టరుకు మందుల పేర్లు తెలుసు, కలుపు మొక్కల పేర్లు తెలియవు. ఏలూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు ఎప్పుడో చదివి మరిచిపోయాడు. బొమ్మ గీసి పంపమని రాస్తే, 'పుస్తకం బైండింగుకు వెళ్ళింది బావగారూ' అని దేవదానం జవాబు రాశాడు. చివరికి నిత్యానందం వ్యాసం రాసిన డాక్టరుకే ఉత్తరం రాశాడు. వానాకాలం గడిచింది. జవాబు లేదు.

పుష్పలత పాదం సాయంత్రాలు పొంగడం మొదలుపెట్టింది.

"నాకూ ఇంతేనండీ. పొద్దుటికి వాపు తీసేసేది" అంది రూతమ్మ. "ఒకరోజు తియ్యలేదు. ఏదో ఒకటి చెయ్యండి."

అతను కిటికీలోంచి చెరువు చూశాడు. అంతరతామర తన చిన్నప్పటి నుంచీ ఉంది. గుర్రపుడెక్క నిన్నగాక మొన్న వచ్చింది. పిల్లకు జ్వరం వచ్చిందీ ఆ తర్వాతే. గంగరాజు గారితో గుర్రపుడెక్క అని చెప్పాడు.

ఆయన మాట తప్పలేదు. మనుషుల్ని దించి మొత్తం పీకించారు. కొన్నాళ్ళు ఆ పక్క నీళ్ళు కనిపించాయి. ఖాళీ అయిన చోటికి అంతరతామర మెల్లగా జరిగి, చెరువంతా కప్పేసింది.

మరుసటి ఎండాకాలం తపాలా వచ్చింది. డాక్టరుకు బదిలీ అయిందట, ఉత్తరం ఆయన వెనక ఊళ్ళు తిరిగిందట. ఆలస్యానికి క్షమించమని, వ్యాసం అచ్చు ప్రతి పంపాడు. నిత్యానందం గుమ్మంలో నిలబడే పేజీలు తిప్పాడు. ఇక్కడ బొమ్మ ఉంది. విచ్చుకున్న గిన్నెలాంటి ఆకులు, కింద గడ్డంలా వేళ్ళు. అంతరతామర.

లోపల రూతమ్మ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ కాలు ఊళ్ళో గుర్రపుడెక్క కంటే పాతది. ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

గంగరాజు గారు బొమ్మను తిప్పి తిప్పి చూశారు.

"పోయినేడు అదన్నారు. ఈ ఏడు ఇదంటున్నారు. వచ్చే ఏడు చేపలంటారా మాస్టారూ?" కాగితాలు తిరిగి ఇచ్చేశారు. "ఉన్న నీడ ఇదొక్కటేనండీ ఇప్పుడు."

పుష్పలత ఆ బొమ్మ అడిగి తీసుకుంది.

"ఇదా నాన్నా? చిన్నప్పుడు వీటిలో ఇసక పోసి అన్నం వండేదాన్ని." కాసేపు చూసింది. పరికిణీ అంచు పాదం మీదికి లాక్కుంది. ఆ పాదం ఇప్పుడు పొద్దుటికి తగ్గడం లేదు.

నిత్యానందం పంచె ఎగగట్టి చెరువులోకి దిగాడు. చేతికందినంత పీకి గట్టు మీద పడేశాడు. వెనక్కి తిరిగేసరికి, గాలికి మిగతావి జరిగి ఆ చోటు మూసేశాయి.