తాత కంపెనీలో నలుగురు

మా తాత లింగం పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి పదహారేళ్ళుగా పోతున్నాడు. గుర్తింపు కార్డు మీద కాంట్రాక్టర్ పేరుంటుంది, ఆయన మాత్రం "మా కంపెనీ" అంటాడు. "నీ కంపెనీకి నువ్వెవరో తెల్వదు తాతా" అని ఏడిపించేదాన్ని. "నీ పదో తరగతి పుస్తకాలకు నువ్వు తెల్వనట్టే" అనేవాడు.

మొన్న సోమవారం మధ్యాహ్నం డ్రయర్ సెక్షన్‌లో మంటలు లేచాయి. తాత అప్పుడు గేటు దగ్గర లారీలోంచి డ్రమ్ములు దింపుతున్నాడు. అందుకే బతికాడు. ఆ తర్వాత ఆయన ఏడవలేదు, కోప్పడలేదు. పెట్టింది తిన్నాడు. నేను పప్పులో ఉప్పు మరిచిపోయినా తిన్నాడు.

బుధవారం గేటు ముందు టెంటు వేసి, లిస్టుతో ఒక రెవెన్యూ ఉద్యోగిని కూర్చోబెట్టారు. తాతను తీసుకెళ్ళాను. చనిపోయింది ముగ్గురు. లిస్టులో పేర్లు రెండే: యాదన్న, చిన్నరాములు. మూడో మనిషెవరో తెలియదట.

"బిరంచి" అన్నాడు తాత. "ఒడిశాయన."

"హాజరు పుస్తకంల లేడు పెద్దాయనా. ఇంటిపేరేంది?"

"తెల్వది."

"మరి ఆ రోజు కంపెనీల ఉన్నడని ఎట్ల చెప్తవు?"

"పన్నెండున్నరకు మాతోని తిన్నడు. నాలుగు రొట్టెలు తెచ్చుకుండు. ఒకటి నాకేసి, నా తొక్కు మొత్తం ఊడ్సిండు."

తాతకు మనుషుల ఇంటిపేర్లు తెలియవు, వాళ్ళ అన్నం డబ్బాలు తెలుసు. ఉద్యోగి పెన్ను కింద పెట్టాడు. "తినుడు సాక్ష్యమెట్లయితది?"

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఇంగ్లిష్ మాటలు ఎక్కడ పుట్టాయో ఫోన్‌లో చూడటం నాకు అలవాటు. పరీక్షలో అడగరు కాబట్టి ఇష్టం.

"తాతా, కంపెనీ అంటే మొదలు ఫ్యాక్టరీ కాదంట. లాటిన్ల 'కుమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. రొట్టె పంచుకొని తినెటోళ్ళన్నట్టు. తర్వాత సిపాయిల గుంపునన్నరు, ఆ తర్వాత వ్యాపారం చేసెటోళ్ళను."

తాత నా ఫోన్‌లోకి తొంగి చూశాడు. "సేట్లు ఎప్పుడొచ్చిన్రు దాంట్లకు?"

"ఆఖరుకు."

లేచి మళ్ళీ టెంటులోకి పోయాడు. "రాస్కో సారూ. మా కంపెనీ నలుగురం. యాదన్న, చిన్నరాములు, బిరంచి, నేను. నేనొక్కణ్ణే మిగిలిన. ఏలుముద్ర ఏడ పెట్టాలె?"

గొంతు పెంచలేదు. ఉద్యోగి పెన్ను తీసి, వాంగ్మూలం రాసుకున్నాడు. మమ్మల్ని జీపులో ఆస్పత్రికి పంపాడు. అక్కడ మూడో శవం చేతికున్న స్టీలు కడియం చూపించారు. బిరంచిదే అని తాత తలూపాడు. ముత్తంగిలో బిరంచి కిరాయి గదికి పోతే ఆధార్ కార్డు దొరికింది.

సాయంత్రం కొత్త లిస్టు గేటుకు అంటించారు. తాత చదవమన్నాడు. చదివాను. మూడో పేరు మళ్ళీ చదవమన్నాడు.

"బిరంచి నాయక్."

తాత తన ఫోన్ తీశాడు. రీచార్జి అయిపోయినప్పుడల్లా బిరంచి దాంట్లోంచే ఊళ్ళో ఉన్న తమ్ముడితో మాట్లాడేవాడు. రెండు రోజుల్లో ఆ నంబర్ నుంచి పదకొండు కాల్స్ వచ్చాయి. తాత ఒక్కటీ ఎత్తలేదు.

"నీ హిందీ నీకే సమజ్ కాదు తాతా. నేను చెప్త."

"నువ్వు నంబర్ కలుపు. రాయించింది నేను. నేనే చెప్త."

కలిపి ఆయన చేతికిచ్చాను. అవతల రింగవుతోంది.