సరుగుడు కొమ్మకు కట్టిన బిస్కెట్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా పేరు రూతమ్మ, విడవలూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో వల మీద బతికే కుటుంబం మాది, పదిమందిలో నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు, అయినా దేవుడు నాకు చేసిన మేలు నాలోనే దాచుకుంటే అది కృతజ్ఞత లేనితనం అవుతుందని మీ ముందుకు వచ్చాను.

పెళ్లయిన కొత్తలో నా ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి లేచింది, గిల్లినా తెలిసేది కాదు, ఎవరి కంట పడుతుందోనని రవిక చెయ్యి కిందికి లాక్కుంటూ తిరిగేదాన్ని. ఒకరోజు పొద్దున గంజి వార్చి చూసుకుంటే వేళ్లన్నీ కాలి బొబ్బలెక్కి ఉన్నాయి, నాకు మాత్రం చురుక్కుమని కూడా అనలేదు! నొప్పి తెలియకపోవడం కంటే భయంకరమైనది ఉండదని అప్పుడు తెలిసింది. మా అత్త చూసి గోడకు ఆనుకుని కూలబడిపోయింది. కుష్ఠు అనే మాట పైకి అనడానికే జనం వణికే కాలం అది.

మా ఆయన నన్ను బస్సెక్కించి మిషను ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ బిళ్లలు మింగుతూ ఏళ్లు గడిపాను. ఆయన వచ్చి చూసిపోయేవాడు, పల్లె నుంచి ఇంకెవరూ రాలేదు. "తండ్రీ, నన్ను ఇక్కడే తీసేసుకో, మా వాళ్ల మధ్యకు తిరిగి పంపొద్దు" అని ప్రతి పొద్దూ ప్రార్థించేదాన్ని, అలాంటి ప్రార్థన వినకుండా ఉన్నందుకు ఆ తండ్రికే స్తోత్రం!

అక్కడ కరుణమ్మ అని నర్సు ఉండేది. క్రిస్మస్ ముందు ఆమె మైదాపిండిలో బెల్లం, నెయ్యి, యాలకుల పొడి కలిపి, నక్షత్రాలు, పావురాలు, చేపల ఆకారంలో బిస్కెట్లు కోసి, కాల్చక ముందే ఈనెపుల్లతో చిన్న చిల్లు పొడిచి, కాల్చినాక దారం ఎక్కించి క్రిస్మస్ చెట్టుకు కట్టేది. ఒకసారి ఆ పిండి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"పిసుకు రూతమ్మా."

"నా చేతులతోనా అక్కా? ఎవురు తింటారు?"

"నేను తింటా. వేడి మాత్రం చేత్తో చూడబాకు, కంటితో చూడు. గుడ్డ లేకుండా పళ్లెం ముట్టుకోబాకు."

సహోదరులారా, ఆమె నిజంగానే తిన్నది! ఆ రోజు నుంచి చావు కోసం ప్రార్థించడం మానేశాను.

కొంతకాలానికి డాక్టరుగారు రోగం పూర్తిగా పోయిందని, నా వల్ల ఎవరికీ అంటదని చెప్పి ఇంటికి పంపారు. వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు, ప్రాణం మాత్రం తేటపడింది. కానీ పల్లెలో నా చేతి నీళ్లు తాగేవారు లేరు. మా ఇంట్లోనే మా అత్త తన అన్నం తాను వండుకునేది.

క్రిస్మస్ దగ్గరపడింది. మందిరంలో నిలబెట్టిన సరుగుడు కొమ్మకు రంగుకాగితాలు తప్ప ఏమీ లేవు. బిస్కెట్లు చేసి కట్టనా అని ధైర్యం చేసి పాస్టరు అయ్యగారిని అడిగాను.

"కట్టమ్మా," అన్నారు ఆయన. "ఆరాధన అయినాక పిల్లోళ్లు కోసుకుంటారు."

పెద్ద బాణలిలో ఇసుక కాచి, దానిలో పళ్లెం దించి, మూత మీద నిప్పులు పోసి కాల్చాను. చేపలకు యాలక్కాయ గింజ కన్ను పెట్టాను, నక్షత్రాల అంచుకు పసుపు కలిపిన చక్కెర పాకం పూశాను. వల నూలుతో కడితే, పచ్చని కొమ్మ మీద అవి గాలికి మెల్లగా తిరుగుతుంటే, చూడముచ్చటగా ఉండింది.

ఆరాధన ముగిసింది. పిల్లలు లేవబోతే తల్లులు పట్టుకుని కూర్చోబెట్టారు. నేను తల వంచుకుని, "ప్రభువా, నన్ను శుద్ధి చేసినది నీవే, వీళ్లు తిన్నా తినకపోయినా నేను నీ బిడ్డనే" అని ప్రార్థించాను. చాలా రోజులకు నా గుండె నెమ్మదించింది.

కళ్లు తెరిచేసరికి మా అత్త చెట్టు దగ్గర ఉంది. ఒక పావురాన్ని తెంపి, రెక్క కొరికి, అందరూ చూస్తుండగా మెల్లగా నమిలింది.

"తీపి చాల్లేదు మే," అంది నా వైపు తిరిగి. "వచ్చే పండక్కి బెల్లం ఇంకొంచెం వెయ్యి."

అంతే, పిల్లలు తల్లుల చేతులు విడిపించుకుని చెట్టు మీదికి ఉరికారు, నిమిషంలో కొమ్మ ఖాళీ! నేను ఏడుస్తూ నవ్వాను. ఆ మధ్యాహ్నం మా అత్తా నేనూ ఒక కుండ అన్నమే తిన్నాము. దేవునికే మహిమ!

ఈ కూటంలో చీర చెంగు కిందో చొక్కా చెయ్యి కిందో మచ్చ దాచుకుని కూర్చున్నవారు ఉండవచ్చు. దాచుకోవద్దు. నన్ను విడువని దేవుడు మిమ్మల్నీ విడువడు, నమ్మండి. ప్రార్థన అయ్యాక నేను తూర్పు గుమ్మం దగ్గర కూర్చుని ఉంటాను, వచ్చి నా పక్కన కూర్చోండి చాలు, ఏమీ చెప్పనక్కరలేదు, ఆస్పత్రికి మీ వెంట నేను వస్తాను.