గ్లాండు బిగించిన చెయ్యి

ఒకే ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. పెదవులు ఒక్కసారి కలిసి విడిపోతే చాలు, పలకడం అయిపోతుంది. నేను పలికాను. ఆ తర్వాత ఒక మనిషి తన చేతులను తానే నమ్మడం మానేశాడు.

తేదీలు రాసుకోవడం, రోజువారీ లెక్క తేల్చుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. అయినా ఇక్కడ తేదీ రాయను, ఊరి పేరూ రాయను. రాస్తే సిరోంచ తాలూకాలో ప్రతివారూ ఆయన్ని గుర్తుపడతారు. నన్ను గుర్తుపట్టినా పరవాలేదు అనాలని ఉంది. అనగలనా? ఇంకా అనలేకపోతున్నాను. అందుకే పేరు లేకుండా మీకు రాస్తున్నాను.

మా ఊరికి ప్రాణహిత నుంచి నీళ్లు వస్తాయి. ఒడ్డున బావి, బావి పక్కన పంపుహౌసు, అక్కడి నుంచి గుట్ట మీది ట్యాంకుకు పైపు. నేను ఐటీఐ చదివి ఆపరేటరుగా చేరినప్పుడు నాకు పని నేర్పినవాడు మా వాడకట్టు మనిషి. రక్తసంబంధం లేదు గాని వరస కలిపి మామ అనేవాణ్ని. ఇక్కడా మామ అనే రాస్తాను. ఆయనా ఐటీఐ చదివినవాడే, నాకన్నా చాలా ముందు. గొప్పలు చెప్పుకునేవాడు, గట్టిగా నవ్వేవాడు, సాయంత్రమైతే కల్లు తాగేవాడు. చామోర్షి దాకా ఏ పంపు ఆగినా తనను పిలవాల్సిందేనని అందరి ముందూ అనేవాడు. అందులో సగం నిజం.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం గ్లాండు. పంపులోంచి ఇరుసు బయటికి వచ్చే చోట నీళ్లు చిమ్మకుండా గ్రీజు పట్టించిన దారం చుట్లు పెట్టి, పైన ఒక మూతతో, రెండు నట్లతో బిగిస్తారు. ఆ మూతే గ్లాండు. పూర్తిగా బిగించకూడదు. పంపు తిరుగుతున్నంతసేపూ అక్కడ నీరు చుక్క చుక్కగా కారుతూ ఉండాలి. ఆ చుక్కే ఇరుసును చల్లబరుస్తుంది. చుక్క ఆగితే దారం కాలుతుంది, ఇరుసు కోసుకుపోతుంది, చివరికి పట్టేస్తుంది.

నాకు ఆ చుక్క నచ్చేది కాదు. గచ్చు ఎప్పుడూ తడిగా ఉండేది. నేను గుడ్డ పట్టుకొని తుడిచేవాణ్ని. మామ చూసి నవ్వేవాడు. "అల్లుడా, పసిపిల్లగాని ముక్కు తుడిచినట్టు తుడుస్తున్నవు. కారనియ్యి. కారుడు ఆగిందంటే పానం పోయినట్టే."

డ్యూటీ మారేటప్పుడు మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. ఆయనే పెట్టాడు. వెళ్లేవాడు మూడు సంగతులు పైకి చెప్పాలి: కరెంటు ఎంత లాగుతోంది, ప్రెషరు ఎంత ఉంది, చుక్క పడుతోందా. వచ్చినవాడు విని, ఆ మూడూ తిరిగి చెప్పాలి. అప్పుడే తాళంచెవి చేతులు మారేది. కాగితం మీద రాసే నేను దీన్ని చాదస్తం అనుకున్నాను. కాని ఒక్కరోజూ తప్పలేదు. ఆ ఒక్కరోజు తప్ప.

అది దసరా. దసరా నాడు పంపుకు పూజ చేస్తాం. కడిగి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. తాలూకా నుంచి మా పైఅధికారి, సాహెబు అంటాం, కుటుంబంతో వచ్చి కొబ్బరికాయ కొడతాడు. పంపు ఆన్ చేశాక అందరూ చప్పట్లు కొడతారు. అంతకు ముందటి ఏడాది ఆ చప్పట్ల మధ్యనే గ్లాండు దగ్గరి నీరు చిమ్మి బొట్లన్నీ కరిగాయి. కుంకుమ నీళ్లు దిమ్మె మీద ఎర్రగా సాగి, గచ్చు మీదికి పారాయి. పూజకు వచ్చిన ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఒకామె, శకునం మంచిగ లేదు, అంది. పూజ ఏర్పాట్లు నావి. ఆ మాట నాకు ఏడాదంతా గుచ్చుకుంది.

అందుకే ఈసారి, బొట్లు పెట్టే ముందు, పానా తీసుకొని రెండు నట్లూ బిగించాను. ముందు ఎడమది, తర్వాత కుడిది. చుక్క ఆగేదాకా బిగించాను.

తెలియక చేశానా? కాదు. తెలిసే చేశాను. సాహెబు వెళ్లగానే వదులు చేద్దామనుకున్నాను. పూజ అయింది. పంపు తిరిగింది. బొట్లు పెట్టినవి పెట్టినట్టే నిలిచాయి. సాహెబు భార్య పంపు ముందు నిలబడి ఫొటో దిగింది. నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వాళ్లు తొందరగా కదలలేదు. ప్రసాదాలు, ముచ్చట్లు. నేను ఒకసారి గ్లాండు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. వాళ్ల ముందు పానా తీసి ఆ పసుపు చెరపడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నం వాళ్లు అటు పోయారో లేదో మామ వచ్చాడు. పండుగ కదా, అప్పటికే తాగి ఉన్నాడు. ఇంటి దగ్గర నా భార్యాపిల్లలు జమ్మికి పోవడానికి కొత్త బట్టలు కట్టుకొని ఎదురుచూస్తున్నారు. ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. మూడు సంగతులు చెప్పాల్సిన చోట నేను, అంతా మంచిగనే ఉంది మామా, అన్నాను. ఆయనా తిరిగి అడగలేదు. తాళంచెవి ఇచ్చి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. బొట్టు కరగకుండా గ్లాండు బిగించానంటే, ముక్కు తుడిచే మాట మళ్లీ ఎత్తుతాడు, నలుగురిలో చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడ్డాను. ఆయన చూసుకుంటాడులే, ఆయన కంటికి తగలకుండా ఉంటుందా, అనుకున్నాను. జమ్మి ఆకులు చేతిలో పట్టుకొని, పెద్దల కాళ్లు మొక్కుతూ కూడా ఒకసారి గుర్తొచ్చింది. అయినా వెనక్కి పోలేదు.

పొద్దుగూకే వేళకు పంపుహౌసు నుంచి పొగ వచ్చింది. ఇరుసు పట్టేసింది. మోటారు కాలింది. రెండో పంపు అప్పటికే విప్పి, దాని సామాను బాగుచేయడానికి చంద్రపూర్ పంపి ఉన్నాం. ఊరికి నీళ్లు లేవు.

మరునాడు సాహెబు వచ్చి నాచేత నట్లు విప్పించాడు. కాలిన దారం బయటికి లాగి చూపించి, ఈ నట్లు ఇంత బిగువుగా ఎవరు తిప్పారని ఇక్కడి ఆఫీసు భాష మరాఠీలో అడిగాడు. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. మామ తన అరచేతులను చూసుకున్నాడు.

"నాకు యాదికి లేదు సాబ్. తాగి ఉన్న. నేనే బిగిచ్చిన్నో ఏమో." తర్వాత నా వైపు తిరిగాడు. అనుమానంతో అడగలేదు. తెలియనివాడు తెలిసినవాణ్ని అడిగినట్టే అడిగాడు. "నువ్వు పోయేటప్పుడు చుక్క పడ్డదా అల్లుడా?"

"పడ్డది మామా."

ఇదే ఆ మాట.

అంతే. ఇంకెవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను తాగను. రాసుకునే మనిషిని. ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా డ్యూటీకి పోనివాణ్ని. నా మాటకు సాక్ష్యం అక్కరలేకపోయింది. ఇన్నేళ్ల క్రమశిక్షణతో కూడబెట్టుకున్న నమ్మకమంతా ఆ ఒక్క అబద్ధానికే పనికొచ్చింది. మామ తల ఊపాడు. "ఐతే నేనే," అన్నాడు. ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆయన స్థానం నాకు వచ్చింది.

మంచి పంపు వచ్చేదాకా ఊరంతా నేరుగా నదిలో ముంచుకొచ్చిన నీళ్లే తాగింది. వానలు వెనకపట్టాయి గాని నీరు ఇంకా ఎర్రగానే ఉంది. కాచి తాగమని చాటింపు వేయించారు. ఎందరు కాచారు? వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. చాలామంది తేరుకున్నారు. మామ ఇంటి ఎదురింటి ముసలామె తేరుకోలేదు. రాజవ్వ అని రాస్తాను, అసలు పేరు కాదు. సిరోంచ దవాఖానాలో పోయింది. నీళ్ల వల్లనా అని నేను డాక్టరును అడిగాను. నీళ్లూ కావచ్చు, వయసూ కావచ్చు, గుండె కూడా బలహీనంగానే ఉంది, అన్నాడు. ఆ "కావచ్చు"ను ఎన్నిసార్లు తక్కెడలో వేసి తూచానో! నాకు ఎటు కావాలంటే అటే మొగ్గింది. మామ మాత్రం తూచలేదు. తానే చంపానని ఒప్పేసుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన కల్లు ముట్టలేదు. పానా కూడా ముట్టలేదు. ఇంటి ముందు తర్వాత వేసిన బోరింగు పాడైతే, చుట్టుపక్కల పంపులన్నిటినీ పేరుపెట్టి పిలవగలిగిన మనిషి, వాడకట్టులో ఎవరినో బతిమాలి బాగుచేయించుకున్నాడు. ప్రతి దసరాకు జమ్మి ఆకు తీసుకొని ముందు రాజవ్వ కొడుకు ఇంటికి పోతాడు. తనకన్నా చిన్నవాడి కాళ్లు పట్టుకుంటాడు. ఆ తర్వాత నా ఇంటికి వస్తాడు. నా చేతిలో జమ్మి పెట్టి, నీ చెయ్యి సల్లగుండాలె అల్లుడా, అంటాడు. ప్రతి ఏడాదీ నేను చెయ్యి చాపాను. ప్రతి ఏడాదీ తీసుకున్నాను.

ఇప్పుడు నేను కొత్తగా చేరిన ఆపరేటర్లకు పని నేర్పుతున్నాను. ముల్చేర నుంచీ వస్తారు, అడవి ఊళ్ల నుంచీ వస్తారు. మొదటి పాఠం గ్లాండే. చుక్క పడాలి, అని చెబుతాను. ప్రతిసారీ నా గొంతు నాకే వినిపిస్తుంది. చుక్క పడని రోజు పడ్డదని చెప్పిన గొంతు అది.

ఈ ఎండాకాలం మామకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. చూడడానికి వెళ్లాను. ఎడమచేత్తో ఆ చెయ్యిని ఎత్తి నాకు చూపించాడు. "చేసిన చెయ్యే పడ్డది. న్యాయమే," అన్నాడు.

ఆ మాటతో నాలో ఏదో తెగింది. మంచం పక్కన కూర్చొని చెప్పేశాను. చుక్క పడలేదు మామా, పానా పట్టింది నేను, బొట్టు కోసం, ముందు ఎడమ నట్టు, తర్వాత కుడిది. అన్నీ వరసగా చెప్పాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. వంకరపోయిన నోటితో ఆ పాత నవ్వే.

"నువ్వా? అబద్ధమా? పండ్లు తోముకున్న టైం గూడ రాసుకునేటోనివి నువ్వు. నన్ను ఊరడిచ్చెతందుకు గిట్ల నెత్తినేసుకోకు అల్లుడా. నీకు పాపం తాకుతది."

ఒట్టు పెట్టాను. వినలేదు. నట్ల సంగతి మళ్లీ చెప్పాను. కాలినంక నువ్వే గద విప్పింది, అందుకే ఎరుక, అన్నాడు. నేను ఎంత కచ్చితంగా చెబితే ఆయన అంత తక్కువ నమ్మాడు. చివరికి అలసిపోయి కళ్లు మూసుకొని, లోపలికి వినబడేలా, అల్లునికి జర చాయ్ పెట్టుండ్రి, అన్నాడు.

అప్పుడు చూశాను. మామ భార్య, నాకు వరసకు అత్త, గడపలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ఆమె చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. నన్ను చూస్తూ ఉంది. ఆమె నమ్మింది. ఆ చూపులో నాకు ఏ సందేహమూ మిగల్లేదు.

చాయ్ రాలేదు.

చాలాసేపు కూర్చున్నాను. మామ నిద్రపోయాడు. లేచి బయటికి వచ్చాను. అత్త వాకిట్లోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె ఎదురింటి తలుపు వైపు చూసింది.

"రాజవ్వ కొడుక్కు చెప్పినవా?"

"ఇంకా లేదత్తా."

"ఆయన ఏండ్లకేండ్లు వాని కాళ్లు మొక్కిండు." గొంతు పెంచలేదు. "పోయి చెప్పు. చెప్పినంకనే ఈ గడప తొక్కు."

ఆ వాకిలి నుంచి ఈ వాకిలికి అడ్డంగా ఒక సన్నని దారి, అంతే. నేను దాటలేదు. బండి ఎక్కి ఇంటికి వచ్చాను. పిరికివాణ్ని. మామ నన్ను క్షమించలేడు, ఎందుకంటే నమ్మలేదు. అత్త నమ్మింది, కాబట్టి క్షమించదు. అయినా ఆ ఇంట్లో చాయ్ రాని ఆ కాసేపే, ఇన్నేళ్లలో నేను నేనుగా కూర్చున్న కాసేపు. దాన్ని మీరు ఊరట అంటారో ఏమంటారో నాకు తెలియదు. నాకు వేరే మాట దొరకలేదు.

మామ ఎంతకాలం ఉంటాడో డాక్టరు చెప్పడం లేదు. ఆయన ఆ చెయ్యిని తిట్టుకుంటూనే పోతే? రాజవ్వ కొడుకు నోటి నుంచి వింటేనైనా నమ్ముతాడేమో. నమ్మకపోతే ఇంకెవరితో చెప్పించాలి? ఇదంతా ఆలోచిస్తూ, ఎదురింటివాడికి చెప్పాల్సిన వాక్యాన్ని ముందుగా ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. చేతికి అలవాటైతే నోటికీ వస్తుందని.

ఆ దసరా నాడు గ్లాండు బిగించింది నేను. నేను పోయేటప్పుడు చుక్క పడలేదు.