బావకు నేను చేసిన దొంగ ఫోన్లు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి ముందు నిలబడి బజ్జీలు వేస్తున్నాను. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే ఎట్లా ఏడిపించాలా అని ఆలోచిస్తూ, నాలో నేనే నవ్వుకుంటున్నాను కూడా. "మీ బావ లేడురా" అంది అక్క. పొయ్యి ఆర్పేసి బస్సెక్కాను.

నాకు చదువు అబ్బలేదు. బడి మానేసి, పెద్దయ్యాక కోయిలకుంట్లలో ఉగ్గాని బజ్జీ హోటల్ పెట్టుకున్నాను. బావది కడపలో చీరల అంగడి. ఆయన మా అక్క మెడలో తాళి కట్టిన రోజు నుంచీ ఆయన్ను ఆటపట్టించడం నా హక్కనుకున్నాను. ఆయన కూడా అట్లాగే అనుకున్నాడు, లేకపోతే అన్నేళ్లు ఓర్చుకునేవాడా?

అంగడిలో బిల్లు కొట్టే కంప్యూటర్ పెట్టి, కార్డు గీకే మిషన్ దానికి తగిలించాక ఆయనకు కొత్త పిచ్చి పట్టుకుంది. దాంట్లో పాటలు పెట్టనివ్వడు, సినిమా చూడనివ్వడు. పెళ్లి ఫొటోలు చూపిద్దామని నేను పెన్‌డ్రైవ్ తీస్తే గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది బిల్లు కొట్టేదానికి ఉండాది బామ్మర్దీ. నీ సోకులకు నీ ఫోన్ లేదా?"

సాయంత్రం అంగడి కట్టేసే ముందు నెట్టు తీగ పీకేసి, కంప్యూటర్ మీద తన ఎర్ర తువ్వాలు కప్పేవాడు.

"ఏం బావా, దానికి చలి పెడ్తాందా?" అని అడిగాను ఒకసారి.

"నగుతావులే. నీ పిండిలో పురుగు పడితే కంటికి కనపడ్తాది, పారబోస్తావు. దీంట్లో పడితే కనపడదు. బిల్లు మామూలుగా వస్తానే ఉంటాది. లోపల కూచోని గీకిన కార్డునల్లా దొంగిలిస్తాంటాది."

ఇంత భయపడే మనిషిని ఊరికే ఎట్లా వదిలేది? గొంతు మార్చి, హైదరాబాదు ఆఫీసరులాగా, నంబరు కనపడని అంగడి ఫోనుకు చేశాను. "నమస్తే సార్, మిషన్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. మీ కంప్యూటర్‌లో చిన్న మార్పు చెయ్యాలి, మేము చెప్పినట్టు నొక్కండి" అన్నాను. బావ చివరిదాకా విన్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "సార్, నూనె చప్పుడు ఈడికి వినపడ్తాంది. బజ్జీలు మాడిపోతాయి, తిప్పుకోండి సార్" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్ల వీధిలోనే ఉన్న చెప్పుల అంగడికి అచ్చం అట్లాంటి ఫోనే వచ్చింది. చేసింది నేను కాదు, నిజం దొంగ. అంగడాయన వాడు చెప్పిందల్లా నొక్కాడు. వాడు ఎక్కడో కూర్చుని ఆ కంప్యూటర్‌లోకి పురుగును వదిలాడు. కొన్నవాళ్ల కార్డుల మీద డబ్బు పోవడం మొదలయ్యాక గానీ ఎవరికీ తెలియలేదు. జనం వచ్చి అరిచారు. ఒక నర్సు మాత్రం అరవలేదట. మెట్టు మీద కూలబడి, "నేను చెప్పులే కదప్పా కొన్నింది" అని, మళ్లీ అదే మాట అంటూ ఉండిపోయిందట.

ఆ సంగతి నాకు చెప్పింది బావే.

"కార్డు మన చేతికిచ్చినారంటే ఇంటి తాళంచెవి ఇచ్చినట్లే గదరా" అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు ఆ దొంగ ఫోన్లు ఆపద్దు" అన్నాడు.

"ఎందుకు బావా? తిట్టుకునేదానికి ఇంకెవురూ దొరకల్యా?"

"నగులాట కాదు. పెండ్లిళ్ల గిరాకీలో నాకు తల తిరుగుతాంటాది, ఎవురేం చెప్పినా ఊ అంటా. సరిగ్గా అట్లప్పుడు చెయ్యి. నేను మోసపోతే నీ చేతిలో పోవల్ల, ఇంకొకని చేతిలో కాదు."

అంతకన్నా ఏం కావాలి నాకు? బస్టాండులో నిలబడి చేశాను. ఆడగొంతుతో చేశాను. ముక్కు మూసుకుని చేశాను. బావ జవాబు ఎప్పుడూ ఒకటే: "మీరు పెట్టేయండి సార్. కంపెనీ నంబరు నా కాడ ఉండాది, నేనే చేసి కనుక్కుంటా." పెట్టేసేవాడు. ఆ వెంటనే నా ఫోన్ మోగేది. "ఏం బామ్మర్దీ, కంపెనీలో ఉద్యోగమొచ్చిందంట?" ఆ ఒక్క మాట కోసమే నేను అన్ని వేషాలు వేసేవాణ్ణి. ఇప్పుడు కూడా మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఫోన్ మోగితే, చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తుతాను. ఎవరో శెనగపిండి కావాలా అని అడుగుతారు.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. "మీ అక్కకు గూడా చెయ్యిరా. శానా మంచిది, ఎవురేం చెప్పినా నమ్ముతాది" అన్నాడు. "ముందు నువ్వు లేచి రా బావా, నీకే చేస్తా" అన్నాను. నవ్వాడు.

కర్మ అయిపోయింది. అంగడి తెరిచారు. ఇప్పుడు అక్కే కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. మొన్న అంగడికి పోయినప్పుడు చూశాను, తువ్వాలు మడిచి దాని పక్కనే పెట్టుకుంది. అడిగితే, ఉతకలేదంది.

నిన్న చేశాను. దగ్గి, మళ్లీ దగ్గి, ఆఫీసరు గొంతు తెచ్చుకున్నాను. "నమస్తే మేడమ్, మిషన్ కంపెనీ నుంచి. మీ కంప్యూటర్‌లో చిన్న మార్పు చెయ్యాలి, నేను చెప్పినట్టు నొక్కండి."

"ఉండండి సార్, ఆయన్ను అడిగి చెప్తా" అంది అక్క.

కుర్చీ తిరిగిన చప్పుడు వినపడింది.

ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అవతల అంగడిలో ఫ్యాను తిరుగుతోంది. ఇవతల నా బాణలిలో నూనె చిటపటలాడుతూనే ఉంది. తిప్పేవాళ్లు లేక బజ్జీలు నల్లబడుతున్నాయి. ఆ చప్పుడు ఆమెకూ వినపడుతూనే ఉంటుంది.