తలుపు పట్టుకున్న మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పనిచేసే కచేరీ హాలు పక్క తలుపుకు గొళ్ళెం విరిగి ఏళ్ళయింది. వదిలేస్తే తలుపు దానంతటదే లోపలికి తెరుచుకుంటుంది, వరండాలోని గోలంతా హాల్లోకి వస్తుంది. కొత్త గొళ్ళెం వేయించాలన్న ఆలోచన మేనేజరుకు ఏనాడూ రాలేదు. ఎందుకొస్తుంది, మా పెద్దమ్మ ఉందిగా. కచేరీ మొదలవగానే ఆమె బయటికెళ్ళి, పిడి గట్టిగా లాగి పట్టుకుని, అయిపోయేదాకా అలాగే నిలబడాలి. మనిషిని గొళ్ళెంగా వాడుకునే చోటు ఇంకొకటి ఉంటే చూపించండి.

ఏటా వచ్చే వయొలిన్ విద్వాంసుడంటే పెద్దమ్మ చెవి కోసుకుంటుంది. తలుపుకు చెవి ఆనించి వింటుంది. జోరుగా వాయించేదంతా వినబడుతుంది. చివర్లో మాత్రం ఆయన కమాను తీగ మీద ఆనీ ఆనకుండా ఏదో వాయిస్తాడు. అది చెక్క దాటి రాదు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తారు.

"వంట వాసన చూసి పడుకున్నట్టుందే నా పని" అనేది నాతో.

మొన్న కచేరీకి ముందు నేను టికెట్టు కొనుక్కుని, ఆమెను పలకరిద్దామని వరండాలోకి వెళ్ళాను. అంతలో ఆ విద్వాంసుడే వచ్చాడు. కోటు గుండీ ఊడిందట, సూదీ దారం కావాలట. పెద్దమ్మ సంచిలో అవి ఎప్పుడూ ఉంటాయి. ఆయన్ని తన స్టూలు మీద కూర్చోబెట్టి కుట్టింది.

"చివర్లో మెల్లగా వాయిస్తారే బాబూ, అదొక్కటీ నేనింతవరకూ వినలేదు" అంది, దారం పళ్ళతో తెంపుతూ.

"అది వినకపోతే ఇంకేం విన్నట్టమ్మా? ఇవాళ లోపల నిలబడి వినండి. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పండి."

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. నాకూ ఆయన దేవుడిలా కనిపించాడు. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమె వెళ్ళి మేనేజరుతో చెప్పింది.

"ఆయనకేం, అందరికీ అలాగే చెప్తారు. నువ్వు లోపలుంటే తలుపెవరు పట్టుకుంటారు?" అన్నాడతను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. అయినా పెద్దమ్మ ఆగలేదు. ఒక అట్టముక్క మడిచి తలుపు సందులో దూర్చి, లోపల గోడవారగా నిలబడింది. కచేరీ సగంలో అట్టముక్క జారిపోయింది. తలుపు తెరుచుకుంది. వరండాలో ఎవరో పకపకా నవ్వుతున్నారు.

విద్వాంసుడు వాయించడం ఆపేశాడు.

"ఆ తలుపు దగ్గర ఎవరు? బయటికెళ్ళి మూయండి. ఇది కచేరీ అనుకున్నారా, సంత అనుకున్నారా?"

హాలంతా అటు తిరిగి పెద్దమ్మను చూసింది. కళ్ళలో లైట్లు పడి గుర్తుపట్టలేదేమో అని నా పక్కాయన సర్దిచెప్పబోయాడు. జానెడు దూరంలో కూర్చుని గుండీ కుట్టించుకున్న మనిషికి 'మీరేనా అమ్మా' అని ఒక్క మాట అడగడానికి లైట్లు అడ్డమా? పూజారి సంగతి సరే, ఇక్కడ దేవుడే మాట తప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వరండాలోంచి మేనేజరు గుమ్మం దాకా వచ్చి, బయటికి రమ్మని వేలు ఆడించాడు. పెద్దమ్మ తల వంచుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. దారివ్వడానికి అతను వెనక్కి జరిగాడు. ఆమె అతని ముఖం మీదే తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. లోపల్నుంచి పట్టుకున్నా తలుపు మూసుకునే ఉంటుందని ఇన్నేళ్ళలో ఎవరి బుర్రకూ తట్టలేదు. బయట మేనేజరు రెండుసార్లు నెట్టి చూసి మానుకున్నాడు. ఇంకా గట్టిగా నెడితే చప్పుడవుతుందన్న భయం అతనికీ ఉంది.

చివరి వాయింపు మొదలైంది. పెద్దమ్మ కదలకుండా వింది.

బయటికి రాగానే, రేపట్నుంచి పనిలోకి రావద్దని మేనేజరు అందరి ముందూ చెప్పాడు. గొళ్ళెం మాట మాత్రం ఎత్తలేదు. దారి పొడుగునా నేను ఆ ఇద్దర్నీ తిడుతూనే ఉన్నాను.

"ఇంతకీ ఆ చివరిది నీకు నచ్చిందా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"అంత బాగా వాయించకుండా ఉండాల్సింది" అంది. "పోనీలే, వీడింతే అనుకుని వదిలేసేదాన్ని."