పద్దు మారిన రేకులు

ఎపిఫానియా ముప్పై ఒక్క ఏళ్లుగా ఫిలిప్పీన్స్‌లో సమార్ ద్వీపంలోని ఒక చిన్న మున్సిపాలిటీకి కోశాధికారిణి. మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, బొటనవేలికి రబ్బరు తొడుగు, బల్లపై ఎప్పుడూ చల్లారిపోయే కాఫీ. తపాలా బిళ్లల పద్దులోంచి కార్యాలయానికి సబ్బుబిళ్ల కొనడానికైనా ఆమె ఒప్పుకునేది కాదు. "జేబులో వేసుకుంటేనే నేరమనుకోకండి. ఒక పనికిచ్చిన డబ్బు ఇంకో పనికి వాడినా నేరమే," అని గుమాస్తాలను హెచ్చరించేది.

అటువంటి మనిషి, తుపాను తర్వాత నలభై కుటుంబాలు వానలో తడుస్తుంటే, పాలకమండలి సమావేశమై అనుమతిచ్చేదాకా ఆగకుండా, ఊరి పునీతుని పండుగ వేదికకు కేటాయించిన సొమ్ముతో వారికి ఇంటికప్పు రేకులు కొనిపించింది. కేసు పడింది. జైలో జరిమానాయో తీర్పు రోజు వరకూ తేలలేదు. "ఒక్క పెసో తినకుండా బోనెక్కింది నువ్వొక్కదానివే అక్కా! తిన్నవాళ్లంతా నిన్ను చూడ్డానికొచ్చారు," అని చేపలమ్మే లుర్దెస్ కోర్టు మెట్ల మీద ఎగతాళి చేసింది. "నవ్వకే. చట్టం సరిగ్గానే ఉంది," అంది ఎపిఫానియా.

ఎవరికీ నష్టం కలగలేదని, అయినా నేరం నేరమేనని చెప్పి న్యాయమూర్తి జరిమానాతో సరిపెట్టారు. ఆమె కోర్టులోనే డబ్బు కట్టే కిటికీ దగ్గర చెల్లించి, రసీదు ఆసాంతం చదివి, మళ్లీ అదే కిటికీ దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నా జరిమానాను కోర్టు భవనం మరమ్మతుల పద్దులో రాశావు. ఇది ఖజానాకు చేరాల్సింది."

"ఏ పద్దయితే ఏంటమ్మా, అంతా సర్కారు సొమ్మేగా?" అన్నాడు నడివయసు గుమాస్తా.

"ఇందాక లోపల మా వకీలు కూడా ఇదే మాటన్నాడు నాయనా. ఓడిపోయాం. దిద్దివ్వు."