గడియ లేని తలుపు

2006 చలికాలం. దక్షిణ ఢిల్లీలో ఆడపిల్లల షార్ట్ స్టే హోమ్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇంట్లో ఉండలేని పరిస్థితి వచ్చిన పిల్లలకు కొన్నాళ్ళు నీడ, అన్నం, వైద్యం, వాళ్ళ మాట వినే మనిషి దొరికే చోటది. అనాథాశ్రమం కాదు, జైలు అంతకన్నా కాదు. ఎన్నిసార్లు చెప్పినా జనం బుర్రకి ఎక్కదు. "ఏం తప్పు చేసిందని అక్కడ పెట్టారు?" అనే అడుగుతారు. వినీవినీ నా నోరు చెడ్డదైపోయింది.

ఒక మధ్యాహ్నం ఓ స్కూల్ టీచరు సుజనను తీసుకొచ్చింది. పేరు మార్చి చెబుతున్నాను. పదో తరగతి పిల్ల, స్కూలు యూనిఫామ్‌లోనే ఉంది. బెల్లు కొట్టాక ఇంటికి వెళ్ళనని గేటు దగ్గర కూర్చుండిపోయిందట. వాళ్ళదీ మా తెనాలి వైపేనని తెలిసి తెలుగులో పలకరించాను. అంతా అర్థమవుతోంది గానీ జవాబు మాత్రం హిందీలో. గది చూపిస్తే మంచం వంక చూడలేదు, నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది.

"ఆంటీ, యే అందర్ సే బంద్ హోతా హై?"

"అవునమ్మా, లోపలినుంచే. నువ్వు తీస్తేనే ఎవరైనా వచ్చేది."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

తర్వాత కొద్దికొద్దిగా చెప్పింది. నాన్న ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అమ్మ నర్సు, షిఫ్టు డ్యూటీలు. బాబాయ్ సివిల్స్‌కి చదువుతూ వాళ్ళింట్లోనే ఉంటాడు. అమ్మ లేనప్పుడు తన గదిలోకి వస్తున్నాడు. నేను చెప్పదగింది ఇంతవరకే. మిగతాది ఆ పిల్లది. అమ్మకి చెబితే, "కలేమైనా వచ్చిందేమోనే" అందట.

పిల్లను తిరిగి పంపేముందు ఆ ఇల్లు చూసి రావాలి. దాన్ని హోమ్ విజిట్ అంటాం. వెళ్ళాను. తండ్రి ప్రసాదరావుగారు మర్యాదస్తుడు, టీ ఇచ్చాడు. తల్లి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తెల్లచీర కూడా మార్చుకోలేదు. బాబాయ్ హాల్లో పుస్తకాల గుట్టల మధ్య కూర్చుని బుద్ధిమంతుడిలా నమస్కారం పెట్టాడు. సుజన గది తలుపు చూశాను. గడియ లేదు. మరలు ఉండాల్సిన చోట లప్పం పూసి రంగు వేశారు. దానిమీద చెయ్యి పెట్టాను, అంతే. ఎవర్నీ ఏమీ అడగలేదు.

"అది వడ్రంగి రిపేరుకి తీశాడండీ" అన్నాడు బాబాయ్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే!

"వడ్రంగి ఏంట్రా?" అన్నాడు ప్రసాదరావుగారు అమాయకంగా. "నువ్వు చెప్పావనేగా నేను తీసింది. తలుపేసుకుని నిద్రపోతోంది, చదవట్లేదు అన్నావుగా..."

మాట మధ్యలోనే ఆగిపోయాడు. అర్థమైంది ఆయనకి. మొహం చూస్తే తెలిసిపోయింది. ఇక ఆ మనిషి తమ్ముడి చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. ఆయన నావైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"మేడమ్, వాడు మెయిన్స్ బాగా రాశాడు. ఇంటర్వ్యూ అయ్యేదాకా పాపను మీ దగ్గరే ఉంచండి, ప్లీజ్."

అరికాలి మంట నెత్తికెక్కింది. "బోర్డు పరీక్షలు రాయాల్సిన పిల్ల హోమ్‌లో పడుండాలి, ఈయనగారు ఇక్కడ కూర్చుని కలెక్టరైపోవాలి, అంతేనా? సివిల్స్ పిల్లలంతా అద్దెకుండే బేర్ సరాయ్‌లో గదులు కరువయ్యాయా?"

"వాడికి మెస్ తిండి పడదండీ. అల్సరు."

అల్సరట! కూతురు ఇంటికి రావాలంటే వణికిపోతోంది, ఈయనకి తమ్ముడి కడుపు బెంగ. కంచే చేను మేస్తుంటే, చేనుని అక్కణ్ణుంచి తీసేద్దామంటాడు! ఆ టీ కప్పు ఆయన మొహాన కొట్టకుండా ఎలా కింద పెట్టానో నాకే తెలియదు.

అప్పుడు లేచింది తల్లి. దుప్పటి తెచ్చి హాల్లో పరిచింది. పుస్తకాలు, నోట్సులు, మరిది బట్టలు అందులో పడేసి మూట కట్టి, ఈడ్చుకెళ్ళి గుమ్మం బయట మెట్ల మీద పెట్టింది.

"వదినా, నా కెరీర్..." అన్నాడతను.

"ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన చేత్తోనే చెబుతున్నా. లే. పో."

"మెల్లగా, పక్కవాళ్ళు వింటారు. పరువు పోతుంది" అన్నాడు మొగుడు.

"గడియ ఊడదీసినప్పుడు ఏమైందండీ పరువు? అది చెబితే నేనూ నమ్మలేదు. నేను మాత్రం మనిషినా?" అని అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది.

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. "ఘర్ కా మామ్లా హై మేడమ్, ఘర్ మే హీ నిపటాయియే" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోమని. మేం వదల్లేదు, మళ్ళీ మళ్ళీ తిరిగాం. కేసు మాత్రం కదల్లేదు. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ, అంటే ఇలాంటి పిల్లలు ఎక్కడుండాలో నిర్ణయించేవాళ్ళు, అతను ఆ గడప తొక్కకూడదన్న షరతుతో సుజనను ఇంటికి పంపింది. ఆ రోజు నేనూ వెళ్ళాను. తలుపుకి కొత్త గడియ ఉంది. సుజన లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. తల్లి బయట నేలమీద కూర్చుంది. "ఎంతసేపైనా ఉండనీండి, అదే తీస్తుంది" అంది.

పరీక్షలు రాసింది, పాసైంది. అతనూ పాసయ్యాడు. పెద్ద ఉద్యోగమే. ఢిల్లీలో మన తెలుగువాళ్ళు హాలు మాట్లాడి, శాలువా కప్పి సన్మానం చేశారు. నాకూ పిలుపు వచ్చింది. ఫోన్ చేసినాయనకి ఆ శాలువా ఎవరికి కప్పుతున్నారో విప్పి చెప్పాను. "ఎందుకండీ పాత విషయాలు" అని పెట్టేశాడు. ఇన్నేళ్ళైనా అది తలచుకుంటే నాకు అన్నం సయించదు.

ఆ కేసు తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ముందు తలుపులు చూస్తాను, టీ సంగతి తర్వాత. "పిల్లను ఎన్నాళ్ళు ఉంచుకుంటారు మేడమ్?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ముందు మీ ఇంట్లోంచి ఎవరి సామాను బయటికి రావాలో చెప్పండి."